నిండుమనస్సు

అష్టావధాని యెనిమిది పనుల నేకకాలమునఁ జేయుచుండఁగా మనము రెండు చేయఁజాలమా యని కొందఱు వాదింతురు. ఇది భ్రమ. అవధాని సమస్యను, దత్తపదిని ఒకదానివెంట నొకటిగాఁ జేపట్టి, చెప్పిన పాదమును ధారణయందు నిలిపి, తరువాతిదానికి నిండుమనస్సు నొసఁగును. ఆతని చిత్తమును జెదరఁగొట్టుటకు సభలో అప్రస్తుతప్రసంగి యొక్కఁడే. మనమో సెల్‌ఫోను రూపమున నూర్గురిని చేతఁబట్టుకొని పనికిఁ గూర్చుందుము. ఒకపనిని నడుమ విడిచి వేఱొకదానికిఁ బోయినచో మనస్సులోఁ గొంతభాగము మొదటిదానియందే చిక్కియుండునని సోఫీ లెరాయ్ 2009లోఁ బ్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. ఆ భాగము న్యాయముగా నెవరిది? మనయెదుట నిలిచిన రోగిది, అర్జీదారునిది, విద్యార్థిది. సగము వినిన మొఱ వినని మొఱయే. కావున సోదరులారా, దినమునకు రెండు గడియలైన నొక్కపనియందే నిలుచుట లాభోపాయము మాత్రమే కాదు. పరులకుఁ బడిన ఋణమును దీర్చుట.