సొమ్ము ఒకరిది, సొంతం ఎవరిది?

పెళ్ళివారింట్లో చదివింపులు అయ్యాక జరిగే ముచ్చట ఎప్పుడైనా విన్నారా? వినకేం, మనం చేసేదేగా! "పిన్నిగారు అంత బరువు వెండి కంచం ఎందుకిచ్చిందంటావ్?" "పిల్ల మీద ప్రేమ." "ప్రేమా పాడా! వచ్చే మాఘంలో వాళ్ళమ్మాయి పెళ్ళి వుంది. తిరిగి రావద్దూ?" "అదేం కాదు, నలుగురిలో గొప్ప కోసం." కంచం మాత్రం అదే. దాని తూకమూ అదే. అయినా ఇచ్చినవాళ్ళ మనసులోకి దూరి చూస్తే గానీ మనకి నిద్ర పట్టదు.

ఇది ఆడవాళ్ళ జబ్బని మగవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. అలా అనేవాళ్ళని ఒక్క శనివారం రాత్రి మా ముందు గదిలో కూర్చోబెట్టాలి. మా అబ్బాయీ, వాడి స్నేహితులూ టీవీలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీలు చూస్తారు. ఆట తొంభై నిమిషాలు, ఆ తర్వాత వాదన రెండు గంటలు. గోలు ఎవరు వేశారన్నది కాదు వాదన. ఫలానా క్లబ్బుని ఫలానా కోటీశ్వరుడు ఎందుకు కొన్నాడన్నది! ఆట మీద ప్రేమా? లాభమా? తన పేరుకో, తన దేశానికో మెరుగు పెట్టుకోవడానికా? అచ్చం మన వెండి కంచం వాదనే.

ఉప్మా ప్లేట్లు అందిస్తూ వినగా వినగా నాకూ కొంత వంటబట్టింది. ఆ దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బు అంటే ఊరికి గుడి ఎలాంటిదో అలాంటిది. తాత కూర్చున్న గ్యాలరీలోనే తండ్రి కూర్చుంటాడు, ఆయన కూర్చున్నచోటే మనవరాలు కూర్చుంటుంది. ఓడినా గెలిచినా జట్టుని మార్చడం అనేది వుండదు. అయితే కాగితాల మీద మాత్రం చాలా క్లబ్బులు ఉత్త కంపెనీలు. వాటాలు ఎవరు కొనుక్కుంటే వాళ్ళవి. గుడి మనదే, తాళంచెవి మాత్రం షావుకారుది. తగువంతా అక్కడే.

2005లో ఒక అమెరికా కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బుని కొన్నది. కొనడానికి తెచ్చిన అప్పులో చాలా భాగం ఆ క్లబ్బు నెత్తినే పెట్టింది. అంటే మన ఇల్లు మనమే తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో ఇంకెవరో మన ఇల్లు కొనుక్కున్నట్టు! సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు. ఆ ఊళ్ళోనే వున్న మాంచెస్టర్ సిటీ క్లబ్బుని 2008లో అబుదాబి రాజకుటుంబీకుడొకాయన కొన్నాడు. ఆయన పద్ధతి వేరు. డబ్బు గుమ్మరించాడు. 2018 నుంచి 2024 దాకా ఏడేళ్ళలో ఆరుసార్లు లీగు టైటిలు ఆ క్లబ్బుదే. మొదటివాళ్ళు డబ్బు తోడుకుంటున్నారని తిట్టారు, రెండోవారు డబ్బు పోస్తున్నారని తిట్టారు. మరి ఎలా వుండాలి యజమాని?

అలా వుండాలని అభిమానులు చూపించే మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు జాక్ వాకర్. ఊరు బ్లాక్‌బర్న్. ఈ ఊరితో మనకో పాత సంబంధం వుంది. లాంకషైర్ బట్టల మిల్లుల ఊళ్ళలో ఇదొకటి. ఒకప్పుడు మనవాళ్ళు కట్టుకునే ధోవతులు అక్కడి మగ్గాల మీద నేశారు. మనం విదేశీ బట్ట మానేస్తే అక్కడ మిల్లులు మూతపడ్డాయి. 1931లో గాంధీగారు ఆ పక్కనే వున్న డార్వెన్ వెళ్ళి, పనులు పోయిన ఆ కూలీలతో మాట్లాడి వచ్చారు.

1875లో పుట్టిన బ్లాక్‌బర్న్ రోవర్స్, 1888లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగుని మొదలుపెట్టిన పన్నెండు క్లబ్బుల్లో ఒకటి. తర్వాత తర్వాత చితికిపోయింది. ఉక్కు వ్యాపారంలో గడించిన వాకర్ తన వ్యాపారం అమ్మేసి, 1991లో సొంత ఊరి క్లబ్బుని చేతిలోకి తీసుకున్నాడు. మంచి ఆటగాళ్ళని, మంచి శిక్షకుణ్ణి తెచ్చాడు. 1995లో, ఎనభై ఒక్క ఏళ్ళ తర్వాత, ఆ చిన్న ఊరు దేశమంతటికీ ఛాంపియన్ అయింది. ఊరు ఊరంతా ఏడ్చిందట, సంతోషంతో.

"అదీ ప్రేమంటే" అన్నాడు మా అబ్బాయి.

"మరి మిగతా ఊళ్ళవాళ్ళు ఏమన్నారో చెప్పు, డబ్బుతో కొనుక్కున్న టైటిలని అనలేదూ?" అన్నాడు వాడి స్నేహితుడు. చూశారా, మన ఇంటికొస్తే ప్రేమ, పక్కింటికి వెళితే డబ్బు మదం!

2000లో వాకర్ పోయాడు. క్లబ్బు ఆయన కుటుంబ ట్రస్టు చేతిలో వుంది. 2010లో ట్రస్టు దాన్ని అమ్మేసింది. కొన్నదెవరనుకున్నారు? కోళ్ళ పరిశ్రమలో పేరు మోసిన డాక్టర్ బి.వి. రావుగారి పిల్లలు! 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన మన తెలుగాయన. 1982లో ఏర్పడిన గుడ్ల సమన్వయ సంఘం, మనం రోజూ పేపర్లో చూసే 'నెక్' ధర తాలూకు సంఘం, ఆయన చలవే. ఒకప్పుడు మనకి ధోవతులు నేసి పంపిన ఊరి క్లబ్బుని మన గుడ్ల ఇంటివారు కొన్నారు. కాలం తమాషాలు ఇలాగే వుంటాయి.

ఆ తర్వాత కథ సుఖంగా సాగలేదు. వచ్చిన నెలకే శిక్షకుణ్ణి మార్చారు. 2012లో జట్టు పెద్ద లీగు నుంచి కిందికి దిగిపోయింది. ఆ రాత్రి ఎవరో అభిమాని క్లబ్బు జెండా కప్పిన ఒక బతికున్న కోడిని మైదానంలోకి వదిలాడు. పాపం, ఆ కోడేం చేసింది! 2017లో ఇంకో మెట్టు దిగింది, మరుసటి ఏడే పైకొచ్చింది. యజమానులు ఆట చూడడానికే రారని అభిమానుల బాధ. ఇంకోవైపు చూస్తే, ఏళ్ళ తరబడి నష్టాలు భరిస్తూ క్లబ్బుని నిలబెడుతున్నదీ ఆ యజమానుల డబ్బే. లాభం కోసమే కొన్నారనుకుంటే, రాని లాభం కోసం ఇన్నేళ్ళు ఎవరు కూర్చుంటారు? ప్రేమతోనే అనుకుంటే, ప్రేమించినవాళ్ళు చూడ్డానికి రారా? మనసు లోపల ఏముందో చెప్పడం బ్రహ్మతరం కాదు.

అందుకే నాకనిపిస్తుంది, ఎందుకు కొన్నారన్న ప్రశ్నే తప్పని. వాకర్ ఉద్దేశం బంగారమే అనుకుందాం. ఆ బంగారంలోంచి ఊరివాళ్ళకి మిగిలిన హక్కు ఏమిటి? ఒక వాటా లేదు, ఒక ఓటు లేదు. మంచివాడు పోయాడు, ఆయన మంచితనం ఆయనతోపాటే పోయింది. తాళంచెవి చేతులు మారుతుంటే ఊరు గుడ్లప్పగించి చూసింది.

మరి హక్కులుంటే పోటీ బాగుపడుతుందా అని మీరు అడగొచ్చు. అదీ చూద్దాం. జర్మనీలో 1998 నుంచి ఒక నియమం వుంది. క్లబ్బులో సగానికి మించిన ఓట్లు సభ్యుల చేతిలోనే వుండాలి. బయటి కోటీశ్వరుడు ఎంత డబ్బు తెచ్చినా పెత్తనం కొనలేడు. ఎంత ధర్మంగా వుందో! కానీ 2013 నుంచి 2023 వరకు వరసగా పదకొండేళ్ళు అక్కడ గెలిచింది ఒక్క బయర్న్ మ్యూనిక్కే. 2024లో ఆ వరస తెంచిన లెవర్కుజెన్ జట్టు ఎవరిది? ఆ నియమం నుంచి మినహాయింపు పొందిన బేయర్ మందుల కంపెనీది! కాబట్టి హక్కు వేరు, గెలుపు వేరు. హక్కు వున్నంత మాత్రాన కప్పు ఇంటికి రాదు.

పోటీ నిలవాలంటే ఇంకో కట్టుబాటు కావాలి. కిరాణా కొట్టువాడు ఎదుటి కొట్టు మూతపడితే సంతోషిస్తాడు. ఫుట్‌బాల్ జట్టుకి ఆ సంతోషం దక్కదు. ఎదుటి జట్టు లేకపోతే ఎవరితో ఆడతారు? ఈ సంగతి పాతకాలం ఇంగ్లీషువాళ్ళకి తెలుసు. లీగు ఆటలకి గేటు దగ్గర వసూలైన డబ్బులో అతిథి జట్టుకీ కొంత ఇచ్చేవారు. 1983లో పెద్ద క్లబ్బుల పట్టుదలతో అది పోయింది. 1992లో ప్రీమియర్ లీగ్ వచ్చి టీవీ డబ్బు వరదలా పారింది. అందులో కొంత అందరికీ సమానంగా పంచుతున్నారు కాబట్టే 2016లో లెస్టర్ లాంటి జట్టు గెలవడం సాధ్యమైందని కొందరంటారు. ఆ ఏడు మొదట్లో లెస్టర్ గెలుస్తుందని రూపాయి పందెం కాస్తే అయిదు వేలు ఇస్తామన్నారట!

పెద్దవాళ్ళకి అదీ నచ్చలేదు. 2021 ఏప్రిల్లో యూరప్‌లోని పన్నెండు పెద్ద క్లబ్బులు, అందులో ఆరు ఇంగ్లండువి, కలిసి తమకంటూ వేరే లీగు పెట్టుకుంటామన్నాయి. స్థాపించినవాళ్ళు ఎంత ఘోరంగా ఆడినా అందులోంచి దిగిపోయే భయం లేదు. ఓడిపోయే భయం లేని ఆట ఆటా? ఫీజు కట్టినవాడికి ఫస్టు ర్యాంకు ఇచ్చినట్టు! లాభపడబోయే ఆ క్లబ్బుల అభిమానులే వీధుల్లోకొచ్చి అడ్డుకున్నారు. రెండు రోజుల్లో ఇంగ్లండు క్లబ్బులన్నీ వెనక్కి తగ్గాయి. నా వరకు నాకు ఈ కథంతటిలో గుండె నిండిన ఘట్టం అదే. మా జట్టుకి లాభమే, అయినా ఇది న్యాయం కాదు అన్నారు చూడండి, ప్రేమంటే అదీ.

ఆ వేడిలోంచే 2025లో బ్రిటన్‌లో ఒక చట్టం వచ్చింది. క్లబ్బుల మీద స్వతంత్ర పర్యవేక్షణ పెట్టింది. యజమాని తన ఇష్టం వచ్చినట్టు మైదానం అమ్ముకోవడానికి గానీ, జట్టు రంగులూ చిహ్నమూ మార్చడానికి గానీ వీల్లేదంది. యజమాని మనసెలాంటిదని చట్టం అడగదు. చేయకూడని పనేమిటో చెబుతుంది, అంతే.

మనకలాంటి చట్టం లేదు. భారత జట్టుని 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962లో ఆసియా క్రీడల స్వర్ణానికి చేర్చిన రహీమ్ సాబ్ హైదరాబాదు మనిషి. ఆ ఊరి పేరుతో 2019లో ఒక జట్టు పుట్టింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ తర్వాత జీతాలకి కటకట, 2025కల్లా ఢిల్లీకి తరలింపు, పేరు కూడా మార్పు. చప్పట్లు కొట్టినవాళ్ళని ఒక్కమాట అడిగినవాళ్ళు లేరు.

ఈ ఫుట్‌బాల్ గోల మనకెందుకంటారా? మనకి కాకపోతే ఎవరికి? మంచివాడి మంచితనం మీద బతకడమంటే ఏమిటో ఆడవాళ్ళకంటే బాగా ఎవరికి తెలుసు? "నాన్న ఎప్పుడూ లోటు చెయ్యలేదు", "అన్నయ్య బంగారం", "ఆయన జీతం తెచ్చి నా చేతిలోనే పెడతారు" అంటూ మురిసిపోతాం. అన్నీ నిజాలే కావచ్చు. కానీ నాన్న తర్వాత? అన్నయ్య తర్వాత వదిన కాలంలో? ఆస్తిలో ఆడపిల్లకీ కొడుకుతో సమానంగా భాగముందని మన రాష్ట్రంలో చట్టం అమల్లోకి వచ్చింది 1985 సెప్టెంబరులో. అదీ అప్పటికి పెళ్ళి కానివాళ్ళకే. దేశమంతటా పెళ్ళయినవాళ్ళకీ రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పట్లో ఎంతమంది అనలేదు, "ప్రేమగా పెట్టేవాళ్ళుండగా చట్టమెందుకు" అని! పెట్టేవాళ్ళు ప్రేమగానే పెట్టారు. పెట్టనివాళ్ళున్న ఇళ్ళలో ఆడపిల్లకి అడిగే నోరైనా వచ్చింది చట్టం వల్లనే.

ప్రేమ వద్దని కాదు నేననేది. కృతజ్ఞత వద్దనీ కాదు. బ్లాక్‌బర్న్ మైదానం దగ్గర జాక్ వాకర్‌కి విగ్రహం పెట్టుకున్నారు. పెట్టుకోవలసినవాడే. దాని ముందు పూలు పెట్టి నమస్కరించడం ధర్మమే. అయితే ఆయన వెళ్ళేముందు, ఊరివాళ్ళని అడక్కుండా ఈ తాళంచెవి ఎవరికీ ఇవ్వకూడదని ఒక్క కాగితం మీద సంతకం పెట్టి వుంటే, ఆ పూలు ఇంకాస్త నిశ్చింతగా పెట్టేవాళ్ళు. మంచివాళ్ళు మన మధ్య వున్నప్పుడే ఆ కాగితం అడగాలి. అడిగితే చిన్నబుచ్చుకోనివాడే మంచివాడు.