మోకాలి నొప్పియు జపసాధనయు

కోల్‌కతా నగరమునకు ఉత్తరమున, గంగాతీరమందలి దక్షిణేశ్వరాలయ ప్రాంగణములో ‘నహబతు’ అను చిన్న కట్టడము కలదు. దాని క్రింది గది 50 చదరపు అడుగులకు మించదు. శ్రీ శారదాదేవి 1872 తరువాత పెక్కేండ్లు, నడుమ నడుమ ఊరికి పోయి వచ్చుచు, అందే నివసించిరి. ఇరుకైన వసారాలో తడక చాటున చాలసేపు నిలిచి, గురుదేవుల గదిలో జరుగు కీర్తనలను ఆలకించెడివారు. అచ్చట పట్టుకొన్న కీళ్లవాతము వారిని జీవితాంతము విడువలేదు. 1909లో బాగ్‌బజారునందలి ఉద్బోధన్ గృహమున ప్రవేశించిన పిదపను భక్తురాండ్రు వారి మోకాళ్లకు తైలము మర్దించుచుండిరి.

దీనివలన మనము గ్రహింపవలసినవి రెండు. మోకాలి నొప్పి భక్తిలోపమునకు గుర్తు కాదు. అమ్మ తైలమును నిరాకరింపలేదు, జపమును విడువలేదు.

నేడు వృద్ధులు కొందరు నేలపై కూర్చుండలేక, కుర్చీ అడుగుటకు సిగ్గుపడి, క్రమముగా మందిరమునకు వచ్చుటయే మానుచున్నారు. ఇంట కదలక కూర్చున్నచో బాధ తగ్గదు, హెచ్చును. ఏలయన, మోకాలి ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థికి రక్తనాళములు లేవు; కీలు కదలునపుడు లోని ద్రవమే దానిని పోషించును. తొడకండరము బలపడినచో కీలునకు ఊత కలుగును. స్థూలకాయులు ఒక కిలో బరువు తగ్గినచో, నడచునపుడు అడుగడుగునను మోకాలిపై సుమారు 4 కిలోల భారము తగ్గును.

కావున ఓపిక మేరకు చదునైన నేలపై ప్రతిదినము నడువవలెను. కుర్చీలో కూర్చుండి ఒక కాలిని చాచి, కొంత తడవు నిలిపి, మెల్లగా దింపవలెను. పిదప రెండవ కాలిని అట్లే చేయవలెను. నొప్పి హెచ్చినపుడు గొంతుకూర్చుండుట మానవలెను. వాపుతో జ్వరము వచ్చినను, కాలు బరువు మోయకున్నను వైద్యుని చూడవలెను.

ఆసనము స్థిరముగాను సుఖముగాను ఉండవలెనని పతంజలి విధించెనే గాని, అది నేలపైననే యుండవలెనని నియమింపలేదు. మోకాలి బాధయందే మనస్సు చిక్కుకొన్నచో, ఇష్టదేవతను ధ్యానించుట యెట్లు? కుర్చీపై నిటారుగా కూర్చుండి చేసిన జపమునకు న్యూనత ఏమియు లేదు.

మందిరములను నడుపు యువకులకు ఒక మనవి. సాయం హారతికి ముందే ఒక ప్రక్కన నాలుగు కుర్చీలు వేసియుంచుడు. పెద్దలు అడుగువరకు వేచియుండకుడు.