చిన్నవానికి పూటపడినవాడు

ధ్యానమునకు: ఆదికాండము 43:1–10, 44:30–34



సెలవులు వచ్చినప్పుడు పాఠశాలలును, సండేస్కూళ్లును, యౌవనుల సమాజములును పిల్లలను యాత్రలకు తీసికొనిపోవుట మన వాడుక. బస్సు మాట్లాడుదురు, వంట సామానులు సర్దుదురు, పిల్లలకు ముందటి రాత్రి నిద్రయే పట్టదు. ఇది మంచి వాడుకయే. అయితే ఒకరి బిడ్డను వెంట తీసికొనిపోవువాడు ఆ తల్లిదండ్రులకు ఏమి మాట యిచ్చుచున్నాడో వాక్యమునుబట్టి మనము ఆలోచింపవలసియున్నది.

యాకోబు ఒకప్పుడు యోసేపును అన్నల క్షేమము తెలిసికొని రమ్మని పంపెను. ఆ ప్రయాణమునుండి ఇంటికి తిరిగి వచ్చినది రక్తములో ముంచిన అంగీ మాత్రమే. అట్టి తండ్రి బెన్యామీనును ఐగుప్తునకు పంపనని పట్టుపట్టుట వింత కాదు. మొదట రూబేను ముందుకు వచ్చెను. చిన్నవానిని తిరిగి తేనియెడల తన యిద్దరు కుమారులను చంపవచ్చునని చెప్పెను. మనుమలను చంపుకొని ఏ తాత ఓదార్పు పొందును? యాకోబు ఒప్పుకొనలేదు. తరువాత యూదా వచ్చెను. ఆ చిన్నవానికి తానే పూటపడుదుననియు, లెక్క తన్నే అడుగవలెననియు చెప్పెను. పూటపడుట అనగా జామీను ఉండుట. రూబేను ఇతరుల ప్రాణమును అడ్డుపెట్టెను. యూదా తన్ను తానే అడ్డుపెట్టుకొనెను. యాకోబు బెన్యామీనును యూదా చేతికి అప్పగించెను.

నేడు కొన్ని చోట్ల యాత్రకు ముందు, ఏమి జరిగినను బాధ్యత మాదే అని తల్లిదండ్రులచేత సంతకము చేయించుకొందురు. అనుమతి అడుగుట న్యాయమే. కాని ఆ కాగితము చేతిలో ఉన్నది గదా అని పెద్దలు నిశ్చింతగా ఉండినయెడల, యూదా మాట తలక్రిందులైనట్లే. బిడ్డను అప్పగించిన తండ్రియే పూటపడవలసి వచ్చుచున్నది!

పూట మరచినచోట ఏమి జరిగినదో చూడుడి. 2014 జూన్ 8, ఆదివారము సాయంకాలము, హైదరాబాదునుండి యాత్రకు వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలోనికి దిగి రాళ్లమీద నిలిచియుండిరి. ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి విడిచిన నీరు వచ్చి 24 మంది విద్యార్థులను, వారి యాత్ర నిర్వాహకుని ఒకనిని కొట్టుకొనిపోయెను. ఆనకట్ట దిగువనున్న నది వానను చూచి పెరుగదు. ఎక్కడనో గేటు ఎత్తినవాని చేతినిబట్టి పెరుగును. ఆ సంగతి ఎరుగని బిడ్డలకు చెప్పవలసినవారు కావలెను. 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు పరిహారపు భారమును విద్యుత్ మండలిమీదను, కళాశాలమీదను, ప్రభుత్వముమీదను పంచెను. గేటు ఎత్తినవారిని మాత్రమే గాక, వెంట తీసికొనిపోయినవారిని కూడ లెక్క అడిగెను.

2007 ఫిబ్రవరిలో కేరళలోని తట్టేక్కాడు వద్ద పడవ మునిగి విహారయాత్రకు వచ్చిన 15 మంది పిల్లలు, ముగ్గురు ఉపాధ్యాయులు చనిపోయిరి. 2024 జనవరి 18న గుజరాతులోని వడోదరలో, హర్ణి చెరువులో, 12 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు అట్లే చనిపోయిరి. రెండు చోట్లను పడవ మోయదగినవారికంటె ఎక్కువమందిని ఎక్కించిరి. నడుమ 17 ఏండ్లు గడచినను, ఇంతమంది వద్దు అని చెప్పువాడు రేవులో లేకపోయెను.

చెప్పువాడు ఉన్నను వినని సంగతి ఇంగ్లండులో జరిగెను. 1993 మార్చి 22న ప్లిమత్ పట్టణపు విద్యార్థులు లైమ్ అఖాతములో చిన్న పడవలు నడుపుచుండగా గాలి వారిని సముద్రములోనికి త్రోసెను. నలుగురు చనిపోయిరి. అంతకు ముందటి యేడు ఆ శిక్షణ కేంద్రములో పనిచేసిన ఇద్దరు, అక్కడ తగిన జాగ్రత్తలు లేవని యజమానికి ఉత్తరము వ్రాసియుండిరి. యజమానికి చెరసాల శిక్ష పడెను. 1995లో ఆ దేశమున ఇట్టి కేంద్రములను తనిఖీ చేయుటకు చట్టము పుట్టెను. పౌలు ప్రయాణము మీకు జ్ఞాపకమున్నది గదా. శతాధిపతి పౌలు హెచ్చరిక విడిచి ఓడ యజమానుని మాట నమ్మెను (అపొ. కార్య. 27:11).

ఇట్టివి జరిగినప్పుడు మనము సమాధి యొద్ద నిలిచి, ఇది దేవుని చిత్తము అని త్వరపడి చెప్పుచుందుము. ప్రియులారా, జాగ్రత్త! మిద్దెకు పిట్టగోడ కట్టనివాని యింటినుండి ఒకడు పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చునని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (ద్వితీయోపదేశకాండము 22:8). అది దేవుని చిత్తమని చెప్పి ఇంటివానిని విడిచిపెట్టలేదు. మనము కట్టని పిట్టగోడను దేవునిమీద మోపుట భక్తి కాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి అది ఓదార్పు కాదు, రెండవ గాయము.

మరి పిల్లలను ఇంటనే దాచుకొందమా? యాకోబు అట్లే చేయగోరెను. కాని కరవు అతని పంపనిచ్చునట్లు చేసెను. బిడ్డలు లోకమును చూడవలెను, నదిని, కొండను, సముద్రమును చేసిన దేవుని స్తుతింపవలెను. గనుక పోవుట మానక, పూటపడి పోవుదము. నీటియొద్దకు పోకముందు ఆ ఊరివారిని అడుగుడి. ఎక్కునప్పుడును దిగునప్పుడును పేరు పేరున పిలిచి లెక్కించుడి. పడవవాడు ఇంకను నలుగురిని ఎక్కించుకొందునన్నప్పుడు వద్దనుడి. పిల్లల సంతోషము చెడగొట్టెనని ఎవరైన నిందించిన నిందింపనిండి. పసిపిల్లల నడకకు తగినట్లు మెల్లగా నడిచెదనని యాకోబే తన అన్నతో చెప్పలేదా (ఆదికాండము 33:13, 14)?

మరియొక సంగతి. పిల్లలకు మనము విధేయత నేర్పుచున్నాము. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ అను ఓడ ఒరుగుచుండగా, ఉన్నచోటనే ఉండుడని మరల మరల ప్రకటించిరి. యాత్రకు బయలుదేరిన దన్వన్ ఉన్నత పాఠశాల పిల్లలు ఆ మాటకు లోబడిరి. వారిలో 250 మంది చనిపోయిరి. ఓడ అధిపతి తప్పించుకొనెను. లోబడు బిడ్డ తన ప్రాణమును మన నోటి మాటలో పెట్టుచున్నాడు. ఆజ్ఞ యిచ్చువాడు దానికి లెక్క చెప్పవలెను. అయితే అదే ఓడలో తప్పించుకొనుటకు వీలైన పై అంతస్తునుండి, పిల్లలున్న క్రింది అంతస్తులకు దిగిన ఉపాధ్యాయులుండిరి. వారు తిరిగి రాలేదు. పూట అను మాటకు అర్థము వారు తమ ప్రాణముతో వ్రాసిరి.

బెన్యామీను సంచిలో గిన్నె దొరికిన దినమున యూదా మాట పరీక్షింపబడెను. అతడు కాగితము చూపలేదు, సాకు చెప్పలేదు. చిన్నవానిని పోనిచ్చి అతనికి బదులుగా తన్ను దాసునిగా ఉంచుకొనుమని వేడుకొనెను. ఆ యూదా గోత్రములోనే మన ప్రభువు జన్మించెను. శ్రేష్ఠమైన నిబంధనకు ఆయన పూటకాపు అని హెబ్రీ పత్రిక సాక్ష్యమిచ్చుచున్నది. తండ్రి తనకు అప్పగించినవారిని విడిచి ఆయన తప్పించుకొనలేదు. తన్ను పట్టుకొనుటకు వచ్చినవారి యెదుట నిలిచి, తనవారిని పోనిండని చెప్పెను (యోహాను 18:8, 9).

సంఘములోని ఉపాధ్యాయులారా, యౌవన నాయకులారా, ఈ సెలవులలో ఒక తల్లి తన బిడ్డ చేతిని మీ చేతిలో పెట్టినప్పుడు, ఆ పూటకాపు మాదిరిని జ్ఞాపకము చేసికొనుడి. సాయంకాలమున ఆ చేతిని మరల ఆమె చేతిలో పెట్టువరకు మీ పూట తీరదు. అట్లు నిలుచుటకు ప్రభువు మనకందరికి కృప ననుగ్రహించును గాక. ఆమేన్.