ప్రశాంతత ఎవరి సొత్తు?

జనం పలచగా వుండే వేళ చూసుకుని పబ్బుకు వెళ్లటం నా కిష్టం అని ఎవరైనా అంటే, అది వట్టి అభిరుచి అనీ, అందులో నీతిని గురించి చర్చించటానికేమీ లేదనీ అనిపిస్తుంది. ఆ అభిరుచి నాకూ వుంది. చదువు పనిమీద ఉత్తర ఇంగ్లండులో కొన్ని నెలలున్నప్పుడు నేను పబ్బుకు వెళ్లినప్పుడల్లా మధ్యాహ్నం మూడింటికే వెళ్లేవాణ్ణి. మూల బల్ల, ఒక గ్లాసు బీరు, చేతిలో పుస్తకం, పక్కవాడు పలకరిస్తే నాలుగు మాటలు. రాత్రి ఎనిమిదింటికి అదే గదిలో పక్కవాడి మాట వినాలంటే చెవి వాడి నోటిదగ్గర పెట్టాలి. కాని అభిరుచులు ఆకాశం నుంచి వూడిపడవనీ, వాటికి సాంఘిక కారణాలుంటాయనీ మనం నమ్ముతాం. అలాంటప్పుడు ఇంత చిన్న అభిరుచినైనా పరీక్షించి చూడటం అవసరమే.

తాగుడు గురించి చర్చ మనకెందుకని కొందరు అడగవచ్చు. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారామీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటం న్యాయమైనది. కూలిడబ్బులు ఇంటికి చేరకుండా కాజేసే సారా కంట్రాక్టరుమీద జరిగిన పోరాటమది. ఇక్కడి ప్రశ్న వేరు. పనిచేసే మనిషి ఇల్లూ, పనిచోటూ కాక మూడోచోట కూచుని సేదతీరే హక్కును గురించిన ప్రశ్న ఇది. శ్రామికుడి ఇల్లు విశ్రాంతికి పనికిరాకుండా వున్నప్పుడు అతను తాగేచోటికి పోవటంలో వింత లేదని ఎంగెల్స్ 1845లోనే ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల మీద రాసిన పుస్తకంలో చూపించాడు.

మూడు గంటలకు పబ్బు ఎందుకు ఖాళీగా వుంటుంది? తక్కినవాళ్లు పనిలో వుంటారు గనక. నేననుభవించిన ప్రశాంతత ఇతరుల పనిగంటల నుంచి పుట్టింది. పైగా, ఆ వేళకు పబ్బు తెరిచి వుండటమే ఇటీవలి సంగతి. మొదటి ప్రపంచయుద్ధంలో, ఆయుధ కర్మాగారాలలో ఉత్పత్తి కుంటుపడుతున్నదని, 1915 నుంచి ప్రభుత్వం పబ్బులను మధ్యాహ్నం మూయించటం మొదలుపెట్టింది. యుద్ధం ముగిసినా 1921 నాటి చట్టం ఆ మూతను నిలబెట్టింది. 1988లో చట్టం మారిన తరవాతే ఇంగ్లండులోనూ, వేల్సులోనూ వారపు రోజుల్లో మధ్యాహ్నం పబ్బు తెరిచి వుంచటానికి వీలైంది. ఆదివారాలకు 1995 దాకా ఆగవలసి వచ్చింది. ధనికులకు మాత్రం అంతకుముందు శతాబ్దం నుంచే సొంత క్లబ్బులున్నాయి. 1855లో ఆదివారపు వ్యాపారాన్ని ఆపబోయిన బిల్లుమీద లండను ప్రజలు హైడ్ పార్కులో పోగై నిరసన తెలిపినప్పుడు మార్క్సు ఈ తేడాను గమనించి, ఒక జర్మన్ పత్రికకు రాశాడు. పేదవాడు ఎప్పుడు సేదతీరాలో ఎప్పుడూ ఇతరులే నిర్ణయిస్తూ వచ్చారన్నమాట.

అంతమాత్రాన నిశ్శబ్దాన్ని కోరటమే బూర్జువా లక్షణం అనటం తొందరపాటు. 1946లో జార్జి ఆర్వెల్ ఒక లండను సాయంకాల పత్రికలో తన ఆదర్శ పబ్బును వర్ణించాడు. అందులో రేడియో వుండదు, పియానో వుండదు. మాట్లాడుకోవటానికి వీలైన నిశ్శబ్దం వుంటుంది. అలాంటి పబ్బు నిజానికి లేదని చివర తానే చెప్పాడు. ఆర్వెల్ రాజకీయాలతో మనకు తగాదా వుంటే వుండవచ్చు. ఈ కోరికతో తగాదా అవసరం లేదు. మనుషులు మాట్లాడుకోవటానికి కావలసిన నిశ్శబ్దం ఒకటి, మనుషులే లేకుండా పోతే వచ్చే నిశ్శబ్దం మరొకటి. పాత పబ్బుల్లో పని బట్టలతో వచ్చేవాడికి ఒక గదీ, కాస్త ఎక్కువ వెల ఇచ్చుకోగలవాడికి మెత్తని కుర్చీల గదీ విడిగా వుండేవి. ఆ అడ్డుగోడ ఈ రెండో రకపు నిశ్శబ్దాన్ని అమ్మింది. నేడు చాలాచోట్ల ఆ గోడ లేదు. దాని పని ఇప్పుడు గడియారం చేస్తున్నది.

మూడింటికి ఆ గదిలో వున్న తక్కినవాళ్లనుకూడా చూడాలి. పింఛను పుచ్చుకునే ముసలివాడు, రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడు, ఉద్యోగం పోయినవాడు. నాకు తీరికగా వున్న ఆ గంట ఉద్యోగం పోయినవాడికి గడవదు. బల్లకు అవతల గ్లాసులు తుడిచే అమ్మాయి పరిస్థితి మరీ విచిత్రం. ఇన్ని గంటల పని ఇస్తామన్న హామీ లేని ఒప్పందాలమీద పనిచేసేవాళ్లు బ్రిటన్‌లో ఆ వృత్తిలో చాలామంది వున్నారు. జనం లేరని యజమాని ఆమెను ముందుగా ఇంటికి పంపేస్తే, నాకు హాయినిచ్చిన నిశ్శబ్దమే ఆమె జీతంలో కోత అవుతుంది.

అందరికీ తీరిక దొరికితే మూడుగంటల పబ్బుకూడా కిటకిటలాడదా, అప్పుడు నీ ప్రశాంతత ఏమవుతుంది అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోగూడదు. ఒకరికి దక్కాలంటే మరొకరికి దక్కకూడని సుఖాన్ని సమర్థించటం మనవల్ల కాదు. కాని ప్రశాంతత అలాంటి సుఖమని నేననుకోను. రాత్రి పబ్బులోని గోల శ్రామికుడి స్వభావం కాదు. వేలమందిని ఒకే గంటకు పనిలోంచి వదిలి, మళ్లీ ఒకే గంటకు తలుపులు మూస్తే, దొరికిన కాస్త వ్యవధిలోనే తాగాలి, నవ్వాలి, అలసట మరిచిపోవాలి. మూసేవేళ దగ్గరపడగానే గబగబా తాగటం ఆ దేశంలో తరాల తరబడి వున్న అలవాటు. తీరిక ఇరుకైనప్పుడు మనుషులు ఒరుసుకుంటారు. పనిగంటలు తగ్గి, తీరిక రోజంతటా పరుచుకుంటే జనమూ పరుచుకుంటారు. మాట వినిపించే గంటలు పెరుగుతాయి.

అందుచేత నేను మూడింటికి వెళ్లటం మానుకోవాలని అనుకోవటం లేదు. ఒకడు మానుకుంటే కార్మికుడి సెలవు ఒక్క నిమిషం పెరగదు. కాని రాత్రివేళ వచ్చేవాళ్లను మోటువాళ్లని ఈసడించే హక్కు నాకు లేదు. వాళ్లకు పగటి తీరికా, బల్ల వెనకాల మనిషికి హామీగల జీతమూ కావాలని అడగవలసిన బాధ్యత మాత్రం వుంది. ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడినవాళ్లు మిగిలిన గంటల్లో మనిషిలాగా బతకాలనే పోరాడారు. ఆ బతుకులో ఉత్సవానికీ, ఊరేగింపుకూ చోటున్నట్టే, పుస్తకం తెరుచుకుని ఊరికే కూచోవటానికీ చోటుండాలి.