పిట్ట ముట్టని విస్తరి

మా ఆవిడ పోయిన మూడోనాడు పిట్టకు పెట్టాం. విస్తరిలో అన్నం, పచ్చిపులుసు, ఆమెకు ప్రాణమైన వంకాయ కూర, పక్కన గ్లాసులో చాయ. కాకులు కరెంటు తీగ మీద కూర్చుని చూశాయే గానీ దిగలేదు. గంటన్నర ఎండలో నిలబడ్డాం. "ఏదో మనసుల ఉండిపోయింది బావా, ఏందో నువ్వే అడుగు" అన్నాడు బావమరిది. బిడ్డ పెళ్లి, ఇంటి అప్పు, యాదగిరిగుట్ట మొక్కు, తోచినవన్నీ అప్పజెప్పి మాటిచ్చాను. అయినా దిగలేదు. ఆఖరుకు ఆవుకు పెట్టి ఇంటికొచ్చాం.

ఆ విస్తరి ఆరు నెలలు నన్ను నిద్రపోనివ్వలేదు. ఆమెకు నామీద ఏం కోపం?

సాయంత్రాలు ఇద్దరం ఇందిరా పార్కుకు పోయేవాళ్లం. నిద్రగన్నేరు తొర్రలో పైడికంటెల జంటను ముందు పసిగట్టింది ఆమే. గూబల్లో చిన్న జాతి, జానెడు పిట్ట. పసుపు కళ్లు, తెల్ల కనుబొమలు. చెట్టు ఆకులు ముడుచుకునే వేళకు తొర్ర అంచుకు వచ్చి, మమ్మల్ని చూసి తల పైకీ కిందికీ ఊపేది. "దండం వెడుతున్నది సూడుండ్రి" అనేది. దాని కళ్లు మనలా గుంటల్లో తిరగవనీ, దూరం అంచనా వేయాలంటే తలే కదపాలనీ చెప్పబోయాను. "మీకు దండం వెట్టేటోళ్లే తక్కువ, దొరికితే లెక్కలడుగుతరు" అంది.

గూబ ఇంట్లో దూరితే శాంతి చేయించేదాకా గడప తొక్కనివాళ్లు మా ఊళ్లో ఉండేవారు. బెంగాలీలకు అదే లక్ష్మీదేవి వాహనం. పైడికంటె శాస్త్రీయనామం అథీన్ బ్రామా. మొదటి ముక్క గ్రీకుల జ్ఞానదేవత, 1821లో పక్షిశాస్త్రవేత్త తెమ్మింక్ పెట్టిన రెండోది మన బ్రహ్మ. ఎవరికి కావలసింది వాళ్లు ఆ జానెడు పిట్ట నెత్తికెత్తారు.

ఆ మధ్య భారతంలో సౌప్తిక పర్వం తిరగేశాను. తండ్రి పోయాడు, రాజు తొడ విరిగి పడున్నాడు. మర్రి కింద అశ్వత్థామకు నిద్ర పట్టలేదు. పైన ఒక గూబ నిద్రపోతున్న కాకుల్ని చంపుతోంది. అది తనకే ఉపదేశమనుకున్నాడు. ఆ రాత్రే పాండవుల శిబిరంలో చొరబడి నిద్రలో ఉన్నవాళ్లను చంపాడు. చిన్నప్పటి నుంచీ నాకు అసహ్యమైన మనిషి, ఈసారి చుట్టంలా కనిపించాడు. గూబ చెప్పింది ఏమీ లేదు. చంపమన్నది అతని కడుపులోని మంట. నాకు కాకులు చెప్పిందీ అంతే.

పిట్టకు పెట్టడం తప్పని నేననను. ఆ గంటన్నరా ఆమెకు ఏమేం ఇష్టమో తలుచుకుంటూ అందరం ఒక్కచోట నిలబడ్డాం. పెళ్లయిన ముప్పై ఏళ్లలో నేను అంతసేపు ఆ పని చేసింది అదే మొదలు, సిగ్గుతో చెబుతున్నాను. కానీ పెట్టడం మన పని, తినడం పిట్ట ఇష్టం. దాని ఆకలిలోంచి చచ్చిపోయిన మనిషి తీర్పు చదవడం మానేశాను.

మాఘంలో మళ్లీ పార్కుకు పోయాను. పైడికంటె తల ఊపింది. ఈసారి లెక్కలు అడగలేదు.

మొన్న తొర్రలోంచి పిల్లల కీచు గొంతులు వినబడ్డాయి. ఎవరో కుర్రాళ్లు ఫోను లైటు వేసి చూస్తున్నారు. దయచేసి అట్లా వేయకండి. పొద్దుగూకే వేళ చప్పుడు చేయకుండా నిలబడితే అవే బయటికి వస్తాయి.