ధాతువు వెళ్లిపోయిన స్తూపం

శిథిలమైన పుణ్యస్థలాన్ని చూస్తే మళ్లీ నిలబెడదామనిపిస్తుంది. అది భక్తి లక్షణమే. అయితే నిలబెట్టేది దేన్ని? కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్న భట్టిప్రోలు దగ్గర సూటిగా ఎదురవుతుంది. అడుగున సుమారు 148 అడుగుల వ్యాసంతో, నిండా ఇటుకతో కట్టిన మహాస్తూపం అక్కడిది. 19వ శతాబ్దంలో దాని ఇటుకలు రోడ్లకు, పాలరాతి పలకలు వెల్లటూరు తూముకు పోయాయి. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకంలో మూడు రాతి కరండాలు (ధాతువులుంచే పేటికలు) బయటపడ్డాయి. ఇక్కడ దొరికిన బుద్ధధాతువు (బుద్ధుడి శరీర అవశేషం) 1920లో కలకత్తా ధర్మరాజిక చైత్య విహారానికి చేరింది. అండమూ (పై గుమ్మటమూ) పోయింది, దేని కోసం కట్టారో అదీ పోయింది. అందుకే అంటాను: కొత్త ఇటుకతో అండాన్ని పూర్తిచేసినంత మాత్రాన ఈ స్తూపం తిరిగి రాదు.

జీర్ణోద్ధరణ మన సంప్రదాయమే కదా, శ్రీలంకలోని అనురాధపురంలో రువన్‌వెలిసాయ స్తూపాన్ని 20వ శతాబ్దంలో పునరుద్ధరించలేదా అని అడగవచ్చు. నిజమే. కానీ అక్కడ భిక్షువులున్నారు, యాత్రికులున్నారు, పూజ సాగుతోంది. ఆ ఊపిరి లేనిచోట మిగిలేది ఆకారం ఒక్కటే. ఆ ఆకారమైనా నిలుస్తుందన్న భరోసా లేదు: విశాఖపట్నం దగ్గరి తొట్లకొండలో తిరిగి కట్టిన మహాస్తూపం 2019లో వానలకు కూలింది. ధాతువు లేని స్తూపాలూ పూజలందుకున్నాయన్న మాట ఇంకా బలమైనది. దానికి జవాబు భట్టిప్రోలు కరండాల మీదే ఉంది. కుర అనే వ్యక్తి, అతని తల్లిదండ్రులు, శివ అనే మరొకరు బుద్ధుడి ధాతువులను ఉంచడానికే కరండం చేయించామని బ్రాహ్మీ లిపిలో చెక్కించారు. మిగతా కరండాల మీద గోష్ఠి, నిగమం అనే సంఘాల సభ్యుల పేర్లు ఉన్నాయి. ఈ స్తూపం దేని కోసమో కట్టించినవాళ్లే చెప్పారు. వాళ్ల మాటను దాటి మనం అర్థం చెప్పకూడదు.

అన్నీ అనిత్యమని చెప్పినవాడి స్తూపాన్ని కాపాడటం ఎందుకన్నది చివరి అభ్యంతరం. బుద్ధుడు అంతిమ ఉపదేశంలో అనిత్యాన్ని చెప్పి ఊరుకోలేదు, అప్రమత్తంగా ఉండమనీ చెప్పాడు. అశ్రద్ధకు అనిత్యం సాకు కాదు. కాబట్టి మిగిలిన పాత ఇటుకను నీటి నుంచీ మొక్కల వేళ్ల నుంచీ కాపాడాలి. వేసిన కొత్త ఇటుక కొత్తదని తెలియాలి. కరండాల మీది పేర్లను స్తూపం ఎదుటే తెలుగులో చదువుకునేలా రాయించాలి. ధాతువును ఒక్కసారైనా భట్టిప్రోలుకు దర్శనానికి తీసుకురమ్మని కలకత్తా విహారాన్ని మనవాళ్లు అడగాలి.