గాయపడినవారి ఋణం

పోయిన ఏడాది దీపావళికి ముందు ఒక శనివారం, ప్లెయిన్స్‌బరోలో ఒక ఇండియన్ కిరాణా దుకాణం ముందు మన పిల్లలు నలుగురు బల్ల వేసుకుని నిలబడ్డారు. అందరూ హైస్కూలు వాళ్ళే. యుద్ధంలో గాయపడి ఇల్లు చేరిన సైనికుల కోసం చందాల డబ్బా, కొన్ని కరపత్రాలు పెట్టుకున్నారు. ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆగి, "అమ్మాయ్, ఇది ఎవరి యుద్ధమమ్మా? మనకెందుకు?" అని అడిగారు. ఆ అమ్మాయి "తాతగారూ, వాళ్ళకి దెబ్బ తగిలింది కదా" అని ఊరుకుంది. పక్కనే ఉన్న మేమూ ఏమీ చెప్పలేకపోయాము. ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు.

అది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. 2003లో మొదలైన ఇరాక్ యుద్ధం న్యాయమా కాదా అన్నదానిపై అమెరికన్లలోనే ఏకాభిప్రాయం లేదు. క్షతగాత్రులను చూసుకోవలసింది ప్రభుత్వం కాదా అన్నది రెండో సందేహం. పిల్లలు ఇదంతా కాలేజీ దరఖాస్తులో సేవా గంటలు చూపించుకోవడానికే కదా అన్నది మూడోది.

మహాభారతం సభాపర్వంలో నారద మహర్షి ధర్మరాజును రాజ్యపాలన గురించి వరుసగా ప్రశ్నలు అడుగుతాడు. కోశాగారం, కోటలు, సేద్యం వంటి ప్రశ్నల మధ్య ఒకటి అడుగుతాడు. నీ కోసం ప్రాణాలు విడిచినవారి, ఆపదల పాలైనవారి భార్యలను పోషిస్తున్నావా అని. ఆ యుద్ధం న్యాయమైనదా, గెలిచావా అని ఆ చోట అడగడు. యుద్ధం చేయాలని నిర్ణయించేది ఒకరు, దెబ్బ తినేది మరొకరు. నిర్ణయాన్ని తప్పు పట్టే హక్కు మనకుంది. ఆ తప్పును కాలు పోగొట్టుకున్న కుర్రవాడి ఖాతాలో వేయడం మాత్రం ధర్మం కాదు.

ఆ ప్రశ్న రాజుకు కదా, మనకేమిటి అనవచ్చు. ప్రజాస్వామ్యంలో ఓటు వేసే ప్రతివారూ కొంత రాజే. పౌరసత్వం తీసుకున్న రోజున, చట్టం కోరితే ఈ దేశం తరపున ఆయుధం పడతామని మనలో చాలామంది చెయ్యెత్తి ప్రమాణం చేశాము. మన ఇళ్ళ నుంచి సైన్యానికి వెళ్ళే పిల్లలు బహు తక్కువ. మన బదులు వెళ్ళింది ఎవరో ఒకరి బిడ్డ.

వైద్యులుగా మరొక మాట చెప్పాలి. గాయపడిన అమెరికన్ సైనికుల్లో రెండవ ప్రపంచ యుద్ధంలో నూటికి సుమారు 30 మంది, వియత్నాంలో 24 మంది మరణించారు. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాల్లో అది 10కి తగ్గింది. యుద్ధభూమి దగ్గరే శస్త్రచికిత్స చేయడం, త్వరగా విమానంలో తరలించడం వంటివి ఇందుకు కారణం. ఆ రెండు యుద్ధాల్లో గాయపడినవారు 50 వేలకు పైనే. బ్రతికి బయటపడినవారిలో ఎందరో పోయిన అవయవాలతో, పేలుళ్ళకు దెబ్బతిన్న మెదడుతో, నిద్రపట్టని రాత్రులతో దశాబ్దాలు గడపాలి. ప్రభుత్వం మందులు, పింఛను ఇవ్వగలదు. ఇరుగుపొరుగు పలకరింపు ఇవ్వలేదు.

గుంటూరులో వైద్యం చదివి ఇక్కడికి వచ్చిన కొత్తల్లో మేము మాజీ సైనికుల ఆసుపత్రిలో శిక్షణ పొందాము. ఈ దేశంలో చాలామంది వైద్యులు అలాగే నేర్చుకుంటారు. ఒక వియత్నాం సైనికుడికి సూది వేయబోయి రెండుసార్లు నరం తప్పాము. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "పరవాలేదు, మళ్ళీ ప్రయత్నించు" అన్నారు. మాకు పని నేర్పింది అలాంటి చేతులే. ఆనాడు ఆయన ఎక్కడ పోరాడారో, ఏం పోగొట్టుకున్నారో అడగాలన్న ఆలోచన మాకు రాలేదు. ఆ అమ్మాయి డబ్బా పట్టుకుని నిలబడితే సిగ్గుపడవలసింది మేమే.

ఇక సేవా గంటల మాట. ఇండియాలో 1949 నుంచి డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతోంది. చిన్నప్పుడు మాస్టారు చెబితే రూపాయి ఇచ్చి చిన్న జెండా చొక్కాకు గుచ్చుకున్నాము. ఆ రూపాయి ఎవరికి చేరుతుందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఏ కారణంతో మొదలుపెట్టారన్నదానికంటే ఎక్కడ ఆపేశారన్నది ముఖ్యం. గంటల కోసం మొదలుపెట్టినా, ఒక్క సైనికుడితో కూర్చుని మాట్లాడేదాకా వెళితే చాలు. డబ్బు ఎటు పోతోందో అడగడమూ సేవలో భాగమే. 2016లో వూండెడ్ వారియర్ ప్రాజెక్ట్ ఖర్చులపై పత్రికల్లో విమర్శలు వచ్చాక, ఆ సంస్థ బోర్డు ఇద్దరు ముఖ్య అధికారులను తొలగించింది. స్వచ్ఛంద సంస్థల వార్షిక లెక్కలు ఎవరైనా చూడవచ్చు. పిల్లలతో కలిసి చూద్దాము.

విజయదశమికి ఆయుధపూజ చేసే మనం, ఆయుధం పట్టి గాయపడిన చేతిని మరువకూడదు. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన నవంబరు 11ను ఇక్కడ మాజీ సైనికుల దినంగా పాటిస్తారు. మన దీపావళి ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది. టపాకాయల చప్పుడు యుద్ధం చూసివచ్చిన కొందరిని వణికిస్తుంది. కాల్చే ముందు పొరుగింటి తలుపు తట్టి, నాలుగు మిఠాయిలు ఇచ్చి, ఫలానా వేళకు కాలుస్తామని చెబుదాము. పిల్లలు డబ్బా పట్టుకుని నిలబడితే, పెద్దలుగా మనం చేయగలిగిన మొదటి పని ఇదే.